పాట ఎవరి పని? డిమెన్షియా రోగుల సేవలో సంగీతం

నర్సు వృత్తికి ఆద్యురాలిగా మనం చెప్పుకునే ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో రోగుల సేవ గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. గదిలో గాలి, వెలుతురు ఎలా ఉండాలి, రోగికి ఏం పెట్టాలి వంటి విషయాల మధ్య చప్పుళ్ళకు ఒక అధ్యాయం కేటాయించి, అందులో సంగీతం ప్రస్తావన కూడా తెచ్చారు. మనిషి గొంతు, పిల్లనగ్రోవి, ఫిడేలు వంటివి ధ్వనిని తెంపు లేకుండా సాగదీస్తాయి కాబట్టి రోగికి మేలు చేస్తాయని, పియానో వంటివి ముక్కలు ముక్కలుగా మోగుతాయి కాబట్టి చెరుపు చేస్తాయని ఆమె అభిప్రాయపడ్డారు. రోగులపై సంగీత ప్రభావాన్ని ఎవరూ సరిగా పట్టించుకోలేదనీ, అందరికీ ఏర్పాటు చేద్దామంటే ఖర్చు చాలా ఎక్కువనీ కూడా అన్నారు. ఖర్చు సంగతి తర్వాతి కాలంలో తేలిపోయింది. పట్టించుకోవలసింది ఎవరన్నదే ఈనాటికీ పూర్తిగా తేలలేదు. ఈ వ్యాసం ఆ తేలని విషయం గురించి.

ఒక సందర్భాన్ని ఊహించుకోండి. కన్నకొడుకు పేరు చెప్పలేని ఒక ముసలావిడ, ఎవరో కూనిరాగం తీయగానే పల్లవి అందుకుని చరణం దాకా తప్పులేకుండా పాడింది. దీన్ని చూసిన నరాల డాక్టరు, మెదడులో ఏ భాగం చెడకుండా మిగిలిందో ఆలోచిస్తాడు. స్నానం చేయించడానికి వచ్చిన నర్సు, ఈ పూట గొడవ లేకుండా పని జరుగుతుందనుకుంటుంది. సంగీత చికిత్సకుడు, ఆమెతో మాటలు లేకుండా మాట్లాడే దారి దొరికిందనుకుంటాడు. నెల జీతానికి పనిచేసే ఆయా, ఈ ముసలమ్మకు పాటలు వచ్చని తనకు ఎప్పుడో తెలుసనుకుంటుంది. కొడుక్కి మాత్రం అమ్మ తిరిగి వచ్చినట్టుంటుంది. నలుగురు వృత్తివారు చూసింది ఒకటే పాటను. వారు సంగీతానికి నాలుగు రకాల విలువ కట్టడానికి ఒక చరిత్ర ఉంది.

ముందుగా రోగం సంగతి. డిమెన్షియాను మన పుస్తకాలు చిత్తవైకల్యం అంటాయి. అది ఒకే జబ్బు కాదు. జ్ఞాపకం, తర్కం, భాష, దారీతెన్నూ తెలియడం వంటి శక్తులు క్రమంగా తరిగిపోయే స్థితికి అది పేరు. దానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఆల్జీమర్స్ వ్యాధి. జర్మన్ వైద్యుడు అలోయిస్ ఆల్జీమర్ 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో 51 ఏళ్ళ స్త్రీని పరీక్షించి, ఆమె చనిపోయాక మెదడును సూక్ష్మదర్శినిలో చూసి, 1906లో ట్యూబింగెన్ సభలో వివరించారు. 1910లో క్రెపలిన్ తన మనోవైద్య గ్రంథంలో దానికి ఆల్జీమర్ పేరు పెట్టారు. కానీ అది నడివయసులో అరుదుగా వచ్చే జబ్బుగానే చాలాకాలం చలామణి అయింది. ముసలివాళ్ళు మతి తప్పితే వయసు మీద పడిందనేవారు, లేదా రక్తనాళాలు గట్టిపడ్డాయనేవారు. రెండూ ఒకే జబ్బనీ, మరణాలకు పెద్ద కారణాల్లో అదొకటనీ అమెరికన్ నరాల వైద్యుడు రాబర్ట్ కాట్జ్‌మన్ 1976లో గట్టిగా వాదించాకే వైద్యలోకం కళ్ళు తెరిచింది. అంటే సంగీత చికిత్స వృత్తిగా నిలదొక్కుకునే రోజుల్లో డిమెన్షియాను డాక్టర్లు ఇంకా జబ్బుల లెక్కలోనే వేయలేదన్నమాట.

యుద్ధంలో పుట్టిన వృత్తి

పాటను ఆసుపత్రిలోకి తెచ్చిన మొదటివారిలో డాక్టర్లూ ఉన్నారు. 1914లో పెన్సిల్వేనియా సర్జన్ ఇవాన్ కేన్, ఆపరేషన్ గదిలో గ్రామఫోను పెడితే రోగి భయం తగ్గుతోందని అమెరికన్ వైద్య సంఘం పత్రికకు ఉత్తరం రాశారు. నైటింగేల్ బాధపడిన ఖర్చు సమస్యను గ్రామఫోను ఆ విధంగా తీర్చింది. కేన్ దృష్టిలో సంగీతం మత్తుమందుకు ముందు వాడే ఒక ఉపశమనం. డాక్టరు ఆ దృష్టిని ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. సంగీతం ఎంత మోతాదులో ఇవ్వాలి, ఎంతసేపు పనిచేస్తుంది అనేవే అతని మొదటి ప్రశ్నలు.

రెండు ప్రపంచ యుద్ధాల్లో గాయపడి, మనసు చెదిరి వచ్చిన సైనికులతో అమెరికన్ ఆసుపత్రులు నిండిపోయాయి. వారి కోసం పాడడానికి స్వచ్ఛందంగా వెళ్ళిన సంగీతకారులకు తమ పాటకు రోగులు స్పందించడం కనిపించింది కానీ ఎందుకో చెప్పడం తెలియలేదు. శిక్షణ అవసరమన్న ఆలోచన అలా పుట్టింది. 1944లో మిషిగన్‌లో మొదటి డిగ్రీ కోర్సు, 1946లో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో థేయర్ గాస్టన్ నడిపిన కోర్సు, 1950లో జాతీయ సంఘం వచ్చాయి. ఇంగ్లండులో సెల్లో విద్వాంసురాలు జూలియట్ ఆల్విన్ 1958లో ఒక సంఘం పెట్టారు. జపాన్‌లో సంఘం 2001లో ఏర్పడితే మొదటి అధ్యక్షుడు హినొహారా షిగెఆకీ అనే వైద్యుడు. బ్రిటన్‌లో 1997 నుంచి చట్టప్రకారం రిజిస్టరయ్యే ఏర్పాటు వచ్చింది. పాటలు వచ్చినంత మాత్రాన అక్కడ సంగీత చికిత్సకులమని బోర్డు కట్టుకోవడం కుదరదు.

ఈ వృత్తికి సొంత సిద్ధాంతమూ తొలినాళ్ళలోనే దొరికింది. మిషిగన్ మానసిక వైద్యుడు ఐరా ఆల్ట్‌షులర్ 1940లలో ఒక పద్ధతిని వివరించారు. రోగి ఆందోళనగా ఉంటే ముందు ఆ ఆందోళనకు తగిన వేగంతోనే మొదలుపెట్టి, క్రమంగా వేగం తగ్గిస్తూ శాంతంవైపు తీసుకురావాలన్నారు. ఏడ్చే పిల్లను భుజాన వేసుకుని మొదట గబగబా తట్టి, తర్వాత మెల్లమెల్లగా జోకొట్టే తల్లికి ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే దీన్ని చేయాలంటే పాడేవారు క్షణక్షణం రోగి ముఖం చూస్తూ ఉండాలి. గ్రామఫోనుకు అది చేతకాదు. డాక్టరుకూ సంగీత చికిత్సకుడికీ మధ్య అభిప్రాయభేదం బీజరూపంలో ఇక్కడే ఉంది. ఒకరికి సంగీతం ఇచ్చే వస్తువు. మరొకరికి అది ఇద్దరి మధ్య జరిగే వ్యవహారం.

వృద్ధుల వంతు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 1991 ఆగస్టు 1న అమెరికా సెనేట్‌లో వయోవృద్ధుల ప్రత్యేక సంఘం సంగీతం, వృద్ధాప్యం అన్న విషయంపై విచారణ జరిపింది. నరాల వైద్యుడు ఆలివర్ సాక్స్, రాక్ బృందంలో డ్రమ్ములు వాయించే మికీ హార్ట్ ఒకే రోజు సాక్ష్యం చెప్పారు. చట్టసభలో ఇలాంటి జోడీ ఎప్పుడోగానీ కనిపించదు. మరుసటి ఏడు, 1992లో, వృద్ధుల సంక్షేమ చట్టానికి చేసిన సవరణల్లో సంగీత చికిత్సకు చోటు దొరికింది. డబ్బు వచ్చే దారి ఏర్పడగానే పరిశోధనలు ఊపందుకున్నాయి. వాటితోపాటు ఇది ఎవరి పని అన్న పేచీ కూడా.

స్నానాల గది ముందు నర్సు

సంరక్షణ గృహంలో రోజు ఎలా గడుస్తుందో తెలిస్తే నర్సుల దృష్టి అర్థమవుతుంది. (నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్ళలో చిన్న ప్రైవేటు ఆసుపత్రి. పాశ్చాత్య దేశాల్లో అది వృద్ధులు చివరిదాకా ఉండే చోటు. అందుకే ఇక్కడ సంరక్షణ గృహం అంటున్నాను.) ఉదయం లేపి, స్నానం చేయించి, బట్టలు తొడగాలి. తన మీద చేయి వేస్తున్నది ఎవరో, నీళ్ళెందుకు పోస్తున్నారో రోగికి తెలియదు. కేకలు వేస్తారు, కొడతారు, గిల్లుతారు. సాయంత్రం పొద్దువాలే వేళ మరికొందరు ఇంటికి పోవాలంటూ తలుపుల దగ్గర తిరుగుతారు. ఈ అలజడే నర్సు సమస్య. మెదడులో ఏ భాగం చెడిందన్నది కాదు.

అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన నర్సు లిండా గెర్డ్‌నర్ 1990లలో ఈ సమస్యను పట్టుకున్నారు. ఆమె చేసిన పని చాలా సాదాది. రోగి ఏ పాటలు ఇష్టపడేవాడు, వాటికి జీవితంలో ఎంత ప్రాముఖ్యం ఉండేది అన్నది కుటుంబాన్ని అడిగి తెలుసుకోవడం, రోజులో ఏ సమయంలో అలజడి ఎక్కువో కనిపెట్టడం, దానికి సుమారు అరగంట ముందు ఆ పాటలు వినిపించడం. 2000లో ప్రకటించిన అధ్యయనంలో 39 మందికి సొంత ఇష్టాల సంగీతాన్నీ, మనసుకు విశ్రాంతినిస్తుందని అందరూ అనుకునే శాస్త్రీయ సంగీతాన్నీ వేర్వేరుగా వినిపించి పోల్చారు. సొంత పాటలకే అలజడి ఎక్కువగా తగ్గింది.

ఈ ఫలితం ముందు నైటింగేల్ మాటను ఒకసారి పెట్టి చూడండి. పియానో చెరుపు, పిల్లనగ్రోవి మేలు అనడమే కాదు, దీనికీ రోగి పాత జ్ఞాపకాలకూ సంబంధం లేదని కూడా ఆమె అన్నారు. 140 ఏళ్ళ తర్వాత మరొక నర్సు, డిమెన్షియా రోగి విషయంలో దాదాపు అంతా ఆ సంబంధంలోనే ఉందని చూపించింది. వాద్యం ఏదన్నది కాదు, అది ఎవరి పాట అన్నది ముఖ్యం. నైటింగేల్ రోగులు జ్వరాలు, గాయాల రోగులు, ఈ రోగులు వేరు. అయినా ఒకే వృత్తిలో ఇంత తిరుగుడు రావడం ఆసక్తికరమే.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే నచ్చిన పరిశోధన స్వీడన్‌ది. ఎవా గొటెల్, స్టీవెన్ బ్రౌన్, సిర్కా-లీసా ఎక్మన్ ఉదయపు సేవలను వీడియో తీసి పరిశీలించి 2002లో ప్రకటించారు. మామూలుగా జరిగే సేవ, వెనక రికార్డు సంగీతం మోగుతుండగా సేవ, సేవ చేసేవారే పాడుతూ చేసే సేవ, ఈ మూడింటినీ పోల్చారు. మామూలు రోజున సిబ్బంది ఎడతెగకుండా సూచనలు ఇస్తున్నారు. చేయి ఎత్తండి, ఇటు తిరగండి, అది పట్టుకోండి. రోగికి ఒక మాట అర్థమయ్యేలోపల రెండో మాట వచ్చిపడుతోంది. పాడుతున్నప్పుడు ఈ సూచనలు బాగా తగ్గిపోయాయి, అయినా రోగులు ఏం చేయాలో తెలిసినట్టే చేశారు. ఇక్కడ కచేరీ లేదు, చికిత్సకుడు లేడు, యంత్రమూ లేదు. చొక్కా తొడిగే మనిషే పాడుతోంది. దీన్ని చికిత్స అనాలా, పని బాగా చేయడం అనాలా? నర్సులు రెండోదే అంటారు, నేనూ వారి పక్షమే.

డాక్టర్లు వెనక్కి తిరిగి చూసిన వేళ

డాక్టర్లు సంగీతాన్ని కాదనలేదు కానీ, చాలాకాలం దాన్ని కాలక్షేపంగా చూశారు. 1976 తర్వాత వారి ఆశలన్నీ మందుల మీదనే. 1993లో టాక్రిన్, 1996లో డొనెపెజిల్ అమెరికాలో అనుమతి పొందాయి. ఇవి జ్ఞాపకశక్తి తరుగుదలను కొంతకాలం కొద్దిగా కప్పిపుచ్చగలవు, అంతే. అందులో టాక్రిన్ కాలేయానికి చేసే హాని వల్ల తర్వాత మూలపడింది. అలజడికైతే స్కిజోఫ్రీనియా కోసం తయారైన మనోవ్యాధి మందులు వాడేవారు. అవి రోగిని కూర్చున్నచోట కూలేసేవి. గది ప్రశాంతంగా ఉండేది, సిబ్బందికి ఊపిరి సలిపేది.

ఆ ప్రశాంతత వెల ఎంతో 2005లో బయటపడింది. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో కొత్తతరం మనోవ్యాధి మందులు మరణాలను పెంచుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అతి తీవ్రమైన హెచ్చరిక జారీచేసింది. 2008లో దాన్ని పాత మందులకూ వర్తింపజేసింది. 2009లో బ్రిటన్ ప్రభుత్వం కోసం మనోవైద్యుడు సుబే బెనర్జీ ఒక నివేదిక ఇచ్చారు. దాని అంచనా ప్రకారం ఆ దేశంలో ఏడాదికి సుమారు 1,80,000 మంది డిమెన్షియా రోగులకు ఈ మందులు ఇస్తున్నారు. వారిలో ఎంతోకొంత మేలు పొందేది 36,000 మంది వరకు. అదనంగా సంభవించే మరణాలు సుమారు 1,800. పక్షవాతం వంటి మెదడు రక్తనాళాల ప్రమాదాలు 1,620.

ఈ అంకెలు వైద్యుల చూపు మార్చాయి. మాత్రకు ముందు మరేదైనా చేసి చూడాలన్న సూత్రం మార్గదర్శకాల్లోకి ఎక్కింది. బ్రిటన్ మార్గదర్శకం 2006లోనే అలజడికి సంగీతాన్నీ నృత్యాన్నీ పరిశీలించదగిన వాటిలో చేర్చింది. 2013లో హన్నె మెటె రిడర్ బృందం డెన్మార్క్, నార్వేలలో 42 మందిపై జరిపిన ప్రయోగంలో ఆరు వారాలపాటు ఒక్కొక్కరికీ విడిగా సంగీత చికిత్స ఇచ్చారు. అలజడి వల్ల కలిగే ఇబ్బంది తగ్గింది. అంతకంటే ఆసక్తికరమైన సంగతి, మామూలు సేవ మాత్రమే అందిన కాలంలో రోగులకు మనోవ్యాధి మందులు పెరుగుతూపోయాయి, సంగీతం అందిన కాలంలో పెరగలేదు. ప్రయోగం చిన్నదే. అయినా డాక్టరుకు అర్థమయ్యే భాషలో సంగీతం మొదటిసారి మాట్లాడింది.

నరాల శాస్త్రజ్ఞులూ మనస్తత్వ శాస్త్రజ్ఞులూ మరోవైపు నుంచి వచ్చారు. 2005లో కెనడాలో లోలా కడీ, జాక్వెలిన్ డఫిన్ తీవ్ర డిమెన్షియా ఉన్న 84 ఏళ్ళ స్త్రీని పరీక్షించారు. మామూలు మతి పరీక్షలు ఆమెకు చేతకావు. కానీ తెలిసిన పాటలో ఒక స్వరం తప్పుగా వాయిస్తే ముఖం చిట్లించేది. 2015లో జర్మనీలోని లైప్జిగ్ శాస్త్రజ్ఞులు, చిరకాలంగా తెలిసిన సంగీతానికి స్పందించే మెదడు ప్రాంతాలను గుర్తించారు. ఆల్జీమర్స్ రోగుల మెదడు చిత్రాలతో పోల్చి చూస్తే ఆ ప్రాంతాల్లో కణాల నష్టం మిగతాచోట్ల కంటే తక్కువగా ఉంది. ముసలావిడ చరణం దాకా పాడడం వెనక మహత్యమేమీ లేదన్నమాట. ఊరు మునిగినా మెరకన ఉన్న వీధి కొన్నాళ్ళు నిలిచినట్టు. అంతమాత్రాన నీళ్ళు తీశాయని కాదు. పాట జబ్బును ఆపదు, మరమ్మతు చేయదు.

ఇయర్‌ఫోన్లూ అభ్యంతరాలూ

2006లో న్యూయార్క్ ప్రాంతంలో డాన్ కోహెన్ అనే సామాజిక కార్యకర్త, సంరక్షణ గృహాల్లోని వృద్ధులకు వారి పాత పాటలు నింపిన ఐపాడ్‌లు ఇవ్వడం మొదలుపెట్టారు. 2010లో సంస్థ నెలకొల్పారు. తల వాల్చుకుని కూర్చున్న ఒక వృద్ధుడు చెవుల్లో పాట పడగానే కళ్ళు విప్పి పాడుతూ కబుర్లు చెప్పే దృశ్యాన్ని 2012లో లక్షలాది మంది చూశారు. 2014లో ఆ కృషిపై తీసిన చిత్రం సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి పొందింది. గెర్డ్‌నర్ చెప్పిన సూత్రమే ఇది, కాకపోతే కెమెరా ముందు.

సంగీత చికిత్సకులకు ఇది సంతోషమూ సంకటమూ. సంగీతం గొప్పతనం ప్రపంచానికి తెలిసింది నిజమే. కానీ ఒక పరికరం, రెండు ఇయర్‌ఫోన్లు చాలంటే నాలుగేళ్ళు చదివిన మనిషికి జీతమెందుకని యాజమాన్యం అడుగుతుంది. వారి అభ్యంతరం పొట్టకూటి కోసం మాత్రమే కాదు. చెవుల్లో పాట పెట్టి వెళ్ళిపోతే రోగి మరింత ఒంటరి కావచ్చు. ఒక పాట చనిపోయిన భర్తను గుర్తుచేసి ఏడిపించవచ్చు, అప్పుడు పక్కన ఎవరుంటారు? తీసెయ్యమని చెప్పే మాట కూడా రోగి దగ్గర లేదు కదా. ఆక్యుపేషనల్ థెరపిస్టుల మాట ఇంకొకటి. వినడం కంటే చేయడం ముఖ్యమంటారు వారు. చప్పట్లు కొట్టడం, తాళం వేయడం, లయకు అడుగులు వేయడం మనిషికి ఒక పనిని తిరిగి ఇస్తాయి.

ఇన్ని మాటల మధ్య తీర్పు చెప్పాలంటే లెక్క కావాలి. అనేక ప్రయోగాలను కలిపి తూచే కాక్రేన్ సమీక్ష 2018లో 22 ప్రయోగాలను, 1,097 మందిని పరిశీలించింది. 2025లో వచ్చిన తాజా సమీక్షలో ప్రయోగాలు 30 అయ్యాయి. రెండింటి సారాంశం దాదాపు ఒకటే. కనీసం ఐదుసార్లు సంగీతం అందిన రోగుల్లో దిగులు లక్షణాలు తగ్గుతాయి, మొత్తమ్మీద ప్రవర్తన సమస్యలు కొంత తగ్గవచ్చు. విడిగా అలజడి, దూకుడుపై మాత్రం గట్టి ప్రభావం కనిపించలేదు. జ్ఞాపకశక్తి మీద కూడా అంతే.

నర్సులకు ఇది మింగుడుపడదు. కళ్ళ ముందు శాంతించిన మనిషి లెక్కల్లోకి ఎందుకు రాలేదు? కారణాల్లో ఒకటి కొలబద్ద అనుకుంటాను. అలజడిని కొలవడానికి విరివిగా వాడేది జిస్కా కోహెన్-మాన్స్‌ఫీల్డ్ 1980లలో రూపొందించిన పట్టిక. కొట్టడం, గిల్లడం, అటూ ఇటూ తిరగడం, అడిగిందే అడగడం వంటి 29 ప్రవర్తనలు ఎన్నిసార్లు జరిగాయో సిబ్బందిని అడిగి వేసుకుంటారు. గడిచిన రోజులన్నిటికీ కలిపి వేసే లెక్కలో మంగళవారం ఉదయం స్నానం ప్రశాంతంగా జరిగిందన్న సంగతి కలిసిపోతుంది. పాట ప్రభావం పాట ఉన్నంతసేపే అయితే, అది తక్కువ విలువైనదేమీ కాదు. కానీ మందును కొలిచే తూనికలో అది తూగదు.

అలాగని లెక్కలన్నిటినీ కొలబద్ద మీదకు నెట్టేయడం కూడా తప్పే. 2022లో అమెరికాలో 54 సంరక్షణ గృహాల్లో వ్యక్తిగత పాటల పద్ధతిని పరీక్షించారు. పాటలు వెతికి, పరికరంలో ఎక్కించి, వేళకు వినిపించే పని అక్కడ మామూలు సిబ్బందిదే. ఆ పద్ధతి అందిన గృహాలకూ మిగతా గృహాలకూ అలజడిలో చెప్పుకోదగిన తేడా రాలేదు. అదే ఏడు వెలువడిన ఆస్ట్రేలియా ఫలితం మరీ ఆశ్చర్యకరం. అక్కడ 318 మంది వృద్ధులున్న 20 విభాగాల్లో, శిక్షణ పొందిన చికిత్సకులు నడిపే బృంద చికిత్సనూ, అందరూ కలిసి సరదాగా పాడుకునే బృందగానాన్నీ పరీక్షించారు. ఆరు నెలలకు దిగులు తగ్గింది బృందగానంలో. చికిత్స బృందాల్లో స్పష్టమైన తేడా కనిపించలేదు. ఒక్క ప్రయోగంతో వృత్తి విలువ తేలిపోదని చికిత్సకులు అంటే కాదనలేం. చిన్న బృందంలో చికిత్సకుడు ఒక్కొక్కరి వెంట పోతే, బృందగానంలో నలుగురితో కలిసి పాడే సందడి ఉంటుంది. దిగులుకు ఆ సందడే మందేమో!

చికిత్సకులు తామే కనుక్కున్న ఒక మధ్యేమార్గం ఉంది. 2015లో ఇంగ్లండులో మింగ్ హుంగ్ హ్సు బృందం 17 మంది రోగులు, 10 మంది సిబ్బందితో చిన్న ప్రయోగం చేసింది. చికిత్సకుడు వారం వారం రోగితో గడిపిన సమయాన్ని వీడియో తీసి, ముఖ్యమైన తునకలను ఆయాలకూ సహాయకులకూ చూపించేవాడు. ఈమె ఎప్పుడు కళ్ళెత్తింది, ఏ లయకు చేయి కదిలింది, నేనప్పుడు ఏం చేశాను అని వివరించేవాడు. చికిత్సకుడు వారానికొకసారి వస్తాడు, ఆయా రోజంతా ఉంటుంది. అతని చూపును ఆమె చేతికి అందించడమే ఉద్దేశం. రోగుల లక్షణాలు మెరుగుపడ్డాయి, సిబ్బంది కూడా రోగులను కొత్తగా చూడడం నేర్చుకున్నామన్నారు. ఇంతకాలం ఈ వాదంలో ఎవరూ అభిప్రాయం అడగని మనిషి ఆయాయే అన్నది గమనించండి.

మన దగ్గర

భారతదేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్టు 2023లో ప్రకటించిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ఆల్జీమర్స్ రోగుల కోసం కేరళలో 1992లో మొదలైన సంఘం ఇప్పుడు అనేక నగరాలకు విస్తరించింది. సంగీత చికిత్సలో పుదుచ్చేరి శ్రీ బాలాజీ విద్యాపీఠ్‌లో శిక్షణ ఉంది. బెంగుళూరు నిమ్హాన్స్‌లో, స్వయంగా హిందుస్తానీ గాయని అయిన మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు శాంతల హెగ్డే సంగీతానికీ మెదడుకూ గల సంబంధంపై పరిశోధనాశాల నడుపుతున్నారు. అయితే 88 లక్షల ముందు ఇవి ఎంత? మన రోగుల్లో అత్యధికులు ఇంట్లోనే ఉంటారు. నర్సూ, ఆయా, చికిత్సకుడూ అన్నీ భార్యే, కూతురే, కోడలే. కాబట్టి ఇది ఏ వృత్తివారి పని అన్న పాశ్చాత్యుల పేచీ మన ఇళ్ళలో తలెత్తదు. నేర్పేవారు ఎవరన్నదే మన ప్రశ్న.

ఇందుకు ఫిన్లండ్‌లో టెప్పో సర్కామో బృందం 2014లో ప్రకటించిన ప్రయోగం పనికివస్తుంది. తొలిదశ డిమెన్షియా రోగి, అతన్ని చూసుకునే బంధువు లేదా నర్సు కలిసి ఒక జంట. అలాంటి 89 జంటలను తీసుకుని కొందరికి కలిసి పాడడం, కొందరికి కలిసి పాటలు వినడం పదివారాలపాటు నేర్పించారు. మామూలు సేవ అందినవారితో పోలిస్తే రెండు వర్గాల్లోనూ రోగుల మానసిక స్థితి మెరుగుపడింది. పాడడం నేర్చుకున్న చోట సంరక్షకుల మనసు కూడా తేలికపడింది. రాత్రింబగళ్ళు ఒక రోగిని కనిపెట్టుకుని ఉన్న మనిషికి ఇది చిన్న సంగతి కాదు.

మన దగ్గర ఇంకో ధోరణి ఉంది. ఫలానా రోగానికి ఫలానా రాగం అని పట్టికలు అచ్చువేస్తుంటారు. రక్తపోటుకు ఒకటి, నిద్రకు ఒకటి, మతిమరుపుకు మరొకటి. రాగాలకు మనసును కదిలించే శక్తి లేదని ఎవరూ అనరు. కానీ డిమెన్షియా విషయంలో గెర్డ్‌నర్ చూపించింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అందరికీ మంచిదని ఎంచిన సంగీతం కంటే ఆ ఒక్క మనిషికి తెలిసిన పాటే ఎక్కువ పనిచేసింది. జీవితంలో ఎన్నడూ కచేరీ వినని రైతుకు, రోగం వచ్చింది కదా అని ఆనందభైరవి ఆలాపన పెడితే అది అతనికి మరో అర్థంకాని చప్పుడు. నాట్లు వేసేటప్పుడు విన్న పాటో, భజన గుడిలో పాడిన పాటో అతని చేతిని కదిలించవచ్చు.

మీ ఇంట్లో ఇలాంటి పెద్దలుంటే వారి పడుచుదనం ఏ సంవత్సరాలో ముందు లెక్కవేయండి. పదేళ్ళ నుంచి పాతికేళ్ళ లోపు విన్న పాటలు ఎక్కువగా మిగులుతాయి. 1945లో పుట్టినవారికి అవి ఘంటసాల, లీల, సుశీల పాటలు కావచ్చు, ఆకాశవాణిలో పొద్దున్నే వచ్చిన భక్తిరంజని కావచ్చు, కవ్వాలీలో చర్చి కీర్తనలో కావచ్చు. పాటను బాగా తక్కువ స్థాయిలో మొదలుపెట్టండి, టీవీ కట్టెయ్యండి, వినికిడి యంత్రం ఉంటే పెట్టించండి. పక్కన కూర్చుని ముఖం చూస్తుండండి. చిరాకుపడినా, కన్నీళ్ళు ఆగకపోయినా అక్కడితో ఆపేసి మరోరోజు మరో పాట చూడండి. అలజడి రోజూ సాయంత్రం ఐదుకు మొదలవుతుంటే పాట నాలుగున్నరకే మొదలవ్వాలి. మందులు మాత్రం డాక్టరును అడగకుండా తగ్గించవద్దు. జబ్బు ఇంకా తొలిదశలోనే ఉంటే ఏ పాటలు ఇష్టమో వారినే అడగండి. పాట మొదటి మాట, పాడినవారి పేరు, ఎక్కడ ఎవరితో విన్నారన్నది ఒక కాగితం మీద రాసి, వారి మందుల చీటీల దగ్గరే పెట్టండి. రేపు వచ్చే నర్సుకైనా, ఆయాకైనా చేతికి అందేచోట అదీ ఉండాలి.